పన్నెండు స్ట్రైకులు, పదిహేను బాణాలు

పోటీకి ముందు సరైన పరికరం కోసం పాట్లుపడ్డ మొదటి ఆటగాడెవరంటే బెజవాడవాళ్లు తడుముకోరు. పాశుపతాస్త్రం కోసం అర్జునుడు తపస్సు చేసింది మన ఇంద్రకీలాద్రి మీదేనని స్థలపురాణం. గాండీవం ఉంది, గురి ఉంది, అయినా తగిన అస్త్రం లేనిదే బరిలోకి దిగనన్నాడాయన. గురి ఆటల్లో ఆ పట్టింపు ఇప్పటికీ పోలేదు. రికార్డు పుస్తకంలో మనిషి పేరే ఉంటుంది గానీ, కాస్త తవ్వితే వెనక ఒక బంతో, బూటో, బాణమో బయటపడుతుంది.

మాల్‌కి వెళ్లినప్పుడు పిల్లలు సరదాపడే టెన్‌పిన్ బౌలింగ్‌నే చూడండి. లేన్ మొదట్లో గీసిన ఫౌల్ లైన్ నుంచి మొదటి పిన్ 60 అడుగుల దూరంలో ఉంటుంది. లేన్ వెడల్పు మూడున్నర అడుగులకు కాస్త తక్కువ. బంతి బరువు 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు మించకూడదు. కుడిచేతి వాటం ఆటగాడు చక్కటి స్ట్రైక్ కొట్టినప్పుడు, అంటే ఒకే బంతితో పది పిన్నులూ పడగొట్టినప్పుడు, బంతి తగిలేది నాలుగు పిన్నులకే: 1, 3, 5, 9. మిగతా ఆరూ తోటి పిన్నుల దెబ్బకే పడిపోతాయి!

వరసగా 12 స్ట్రైకులు పడితే గేముకు పూర్తి మార్కులు, 300. అలాంటివి మూడు గేములు వెంటవెంటనే ఆడితే 900. 1982 జులై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ ఆలిసన్ 36 స్ట్రైకులు వరసగా కొట్టాడు. ఊరంతా సంబరం. తీరా అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ వచ్చి లేన్ పరీక్షించి, నూనె పూత నిబంధనల ప్రకారం లేదని ఆ స్కోరును కొట్టేసింది. గుర్తింపు పొందిన తొలి 900 కోసం మరో పద్నాలుగున్నరేళ్లు ఆగాల్సొచ్చింది. 1997 ఫిబ్రవరి 2న నెబ్రాస్కాలోని లింకన్‌లో జెరెమీ సొనెన్‌ఫెల్డ్ అనే కాలేజీ కుర్రాడు దాన్ని సాధించాడు. ఆలిసన్‌ది నాకు ఇప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. నూనె పూసింది ఆయన కాదుగా!

అసలు బౌలింగ్‌లో కిటుకంతా ఆ నూనెలోనే ఉంది. లేన్ మీద ముందు భాగానికి పూస్తారు, పిన్నుల దగ్గర పొడిగా వదిలేస్తారు. బంతి నూనె మీద జారి, పొడి చోటికి రాగానే పట్టు దొరికి వంపు తిరుగుతుంది. ఆటగాడి కంటికి ఆ పూత సరిగ్గా ఆనదు. బంతి పోకడ చూసి ఊహించుకోవాల్సిందే. అందుకే పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు రకరకాల పైపొరలున్న బంతుల్ని సంచుల్లో మోసుకెళ్తారు. 1973లో డాన్ మెక్యూన్ అనే ఆటగాడు తన ప్లాస్టిక్ బంతిని ఒక ఘాటైన రసాయనంలో నానబెట్టి పైపొరను మెత్తబరిచాడు. మెత్తటి బంతి లేన్‌ను గట్టిగా పట్టుకుంది. ఆ ఏడాది ఆరు టైటిళ్లు ఆయనవే. తర్వాత బంతి గట్టిదనానికీ నిబంధన వచ్చిపడింది.

అమెరికా ప్రొఫెషనల్ టూర్‌లో 47 టైటిళ్ల వాల్టర్ రే విలియమ్స్ గుర్రపు నాడాలు విసిరే ఆటలోనూ ఆరుసార్లు ప్రపంచ విజేత. ఇక ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటే రెండు చేతులతో, బొటనవేలు రంధ్రంలో పెట్టకుండా బంతి వేస్తాడు. ఇదేం పద్ధతని మొదట్లో ముక్కు విరిచినవాళ్లున్నారు. ఇప్పుడు అతని ఖాతాలో మేజర్ టైటిళ్లే 15.

మన కృష్ణాతీరంలో ఈ పట్టింపంతా బాణం మీదికి మళ్లింది. 300కి సాటివచ్చే స్కోరు కాంపౌండ్ ఆర్చరీలో 150. పదిహేను బాణాలు, అన్నీ పదులే. 50 మీటర్ల దూరం నుంచి 8 సెంటీమీటర్ల వృత్తంలో పదిహేనూ దిగాలి. 2025 అక్టోబరులో చైనాలోని నాన్‌జింగ్‌లో జరిగిన ప్రపంచకప్ ఫైనల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ బ్రిటన్‌కు చెందిన ఎల్లా గిబ్సన్ మీద సరిగ్గా అదే చేసి, 150-145తో కాంస్యం తెచ్చుకుంది. ఆ పోటీలో పతకం పొందిన తొలి భారతీయ కాంపౌండ్ క్రీడాకారిణి ఆమే. అంతకుముందు 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచింది. వాటిలో మిక్స్‌డ్ టీమ్ ఫైనల్ 159-158, మహిళల టీమ్ ఫైనల్ 230-229. రెండింటికీ తేడా ఒక్కొక్క పాయింటే!

ఆమె తొలి రికార్డుకు మాత్రం ఏ పరికరమూ అక్కర్లేకపోయింది. నాలుగేళ్ల వయసులో కృష్ణానదిలో 5 కిలోమీటర్లను 3 గంటల 20 నిమిషాల 6 సెకన్లలో ఈది లిమ్కా రికార్డుల పుస్తకానికెక్కింది.

కమ్యూనిస్టుల కోటగా పేరున్న బెజవాడలో పిల్లలకు ఓల్గా, లెనిన్ అని పేర్లు పెట్టుకోవడం వింతేమీ కాదు. ఈ ఊరి మరో ఆర్చరీ కుటుంబానికి పెద్దయిన చెరుకూరి సత్యనారాయణ కూతురు, కొడుకు పేర్లవి. ఇద్దరూ ఆర్చర్లే. ఓల్గా పేరిట అకాడమీ వెలిసింది. కోచ్‌గా పేరు తెచ్చుకున్న లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఇంటి పాప డాలీ శివాని 2015 మార్చి 24న, మూడేళ్లయినా నిండకుండానే, 5 మీటర్ల నుంచి 36, 7 మీటర్ల నుంచి 36 బాణాలు వేసి 388 పాయింట్లు సాధించింది. ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో చోటు దక్కింది. ఆ చిట్టి చేతుల కోసం తేలికైన విల్లు, కార్బన్ బాణాలు ప్రత్యేకంగా సిద్ధంచేశారు.

బాణం లావులోనూ లెక్కుంది. గీతకు తగిలితే ఎక్కువ పాయింటే ఇస్తారు. కాబట్టి ఇండోర్ పోటీల్లో లావుపాటి బాణాలు వాడతారు. ఆరుబయట గాలికి లావుది పక్కకు కొట్టుకుపోతుంది, అక్కడ సన్నవే మేలు. మిల్లీమీటర్ల లెక్క ఎంత దూరం వెళ్తుందో మన ఊరి బొమ్మదేవర ధీరజ్‌నడగాలి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో కెనడాకు చెందిన ఎరిక్ పీటర్స్‌తో షూటాఫ్‌లో ఇద్దరూ పదే కొట్టారు. పీటర్స్ బాణం నడిబొడ్డుకు మరికాస్త దగ్గరగా ఉందని ధీరజ్ ఇంటిదారి పట్టాల్సొచ్చింది.

బౌలింగ్ పోటీకి పేరివ్వాలనుకునేవాళ్లు ఖరీదైన బంతి వైపు చూడకండి. ముందు మీ వేళ్ల కొలతకు రంధ్రాలు వేయించుకున్న బంతి, ఒక కాలు జారనిచ్చి రెండోది నిలబెట్టే సొంత బూట్లు చూసుకోండి. విల్లు కొనేవాళ్లయితే మీ చేతికి తగ్గ లాగుడు పొడవు కోచ్ కొలిచేదాకా డబ్బు తీయకండి. కాంపౌండ్ ఆర్చరీ 2028 లాస్ ఏంజెలిస్‌లో మిక్స్‌డ్ టీమ్ విభాగంతో తొలిసారి ఒలింపిక్స్‌లోకి వస్తోంది. 1988 సియోల్‌లో ప్రదర్శనగా ఒకసారి కనిపించిన బౌలింగ్‌కు పతకాల ఆట హోదా ఇంకా దక్కలేదు.