అధిక పీడన కార్బన్ డయాక్సైడ్ – ఎంజైముల క్రియాశీలత

ఈ భాగం చదివిన తరవాత మీరు అధిక పీడన కార్బన్ డయాక్సైడ్ ఎంజైములపై చూపే ప్రభావాన్ని, అందులో నీటి పాత్రను వివరించగలుగుతారు.

తవుడు సమస్య

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల వరి, బియ్యం మిల్లులు మీకు తెలిసినవే. తవుడులో సుమారు 15–20 శాతం నూనె ఉంటుంది. గింజలో ఈ నూనె, లైపేజ్ అనే ఎంజైము వేర్వేరు పొరల్లో ఉంటాయి. మర పట్టగానే రెండూ కలుస్తాయి. లైపేజ్ నూనెను విడగొట్టడంతో స్వేచ్ఛా ఫాటీ ఆమ్లాలు గంటల్లోనే పెరుగుతాయి. అవి ఎక్కువైతే శుద్ధి చేసేటప్పుడు నూనె నష్టం పెరుగుతుంది. అందువల్ల వంటనూనె కావలసిన తవుడు పశువుల దాణాగా పోతుంది. ఉప్పుడు బియ్యం తవుడులో ఈ బాధ తక్కువ. ధాన్యానికి ఆవిరి పట్టినప్పుడే లైపేజ్ చాలావరకు నశిస్తుంది.

వేడికి బదులు కార్బన్ డయాక్సైడ్ ఈ పని చేయగలదా?

నీరు ఉన్నప్పుడు

కార్బన్ డయాక్సైడ్ 31.1 డిగ్రీల సెల్సియస్, 73.8 బార్లు దాటితే సూపర్ క్రిటికల్ స్థితికి చేరుతుంది. ఈ పీడనం ఒక్కటే సాధారణంగా ఎంజైములను చెడగొట్టదు. అందుకు వేల బార్లు కావాలి. కాబట్టి ఇక్కడి ప్రభావం ప్రధానంగా రసాయనికమైనది. వాయువు నీటిలో కరిగి కార్బోనిక్ ఆమ్లం ఏర్పడుతుంది, పి.హెచ్. సుమారు 3కు పడిపోతుంది. ప్రోటీనులోని లైసీన్ అమైనో సమూహాలతో కలిసి కార్బమేట్లు కూడా ఏర్పడవచ్చు. దీంతో ఎంజైము ఆకృతి మారి క్రియాశీలత తగ్గుతుంది. పండ్ల రసాలలోని కొన్ని ఎంజైములను ఈ పద్ధతిలో అణచవచ్చు.

నీరు తక్కువైనప్పుడు

పొడి స్థితిలో కథ మారుతుంది. ఆమ్లం ఏర్పడడానికి తగినంత నీరు ఉండదు. అందుకే అనేక లైపేజులు సూపర్ క్రిటికల్ కార్బన్ డయాక్సైడ్‌లో చురుకుగానే పనిచేస్తాయి. దానిని ద్రావణిగా వాడి లైపేజ్‌తో ఎస్టర్లు కూడా తయారుచేస్తారు. అయితే ఎంజైమును అంటిపెట్టుకున్న పలుచని నీటి పొర కూడా పోతే అణువు బిగుసుకుపోయి చురుకు తగ్గుతుంది.

గమనించండి

తవుడులో తేమ తక్కువ. కాబట్టి ఈ వాయువుతో నూనె తీసినంత మాత్రాన మిగిలిన పిండిలో లైపేజ్ చచ్చిందని అనుకోరాదు. పరీక్షించి చూడాలి. మిల్లు దగ్గరే వెంటనే వేడిచేసి స్థిరపరచడం నేటికీ నమ్మదగిన మార్గం.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. ఒకే పీడనం వద్ద నైట్రోజన్ కంటే కార్బన్ డయాక్సైడ్ తడి ఎంజైమును ఎక్కువగా ఎందుకు దెబ్బతీస్తుంది?
2. తవుడుకు తేమ కలిపి ఈ వాయువును పంపితే లైపేజ్ ఏమవుతుందని ఊహిస్తారు? కారణం రాయండి.