నల్లరేగడి మైదానానికి కొత్త చామంతి వంగడం: ఎంపిక ఇక్కడే ఎందుకు జరగాలి?

గుంటూరు, ప్రకాశం మైదానంలో కొత్త వంగడం అన్న మాట వినగానే రైతుకు స్ఫురించేవి మిరప, పత్తి. భాగ్యలక్ష్మిగా పేరొందిన జి 4, ఎల్‌సీఏ 334 వంటి మిరప రకాలు లాం క్షేత్రం నుండి వచ్చి ఈ నేలలో స్థిరపడినవే. పూల పంటకు ఇటువంటి చరిత్ర ఇక్కడ లేదు. అయితే గులాబీ రంగు కాయతొలుచు పురుగు పత్తిని, 2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు మిరపను దెబ్బతీసిన తరువాత, నీటి వసతి గల చిన్న రైతు అరెకరమో ఎకరమో వేరే పంటకు కేటాయించాలని ఆలోచించడం సహజం. పట్టణాలకు దగ్గరగా ఉన్న గ్రామాలలో ఆ ఆలోచన తరచుగా చామంతి వైపు మళ్ళుతుంది.

ఇతర ప్రాంతాల నుండి తెచ్చిన పిలకలు నాటినప్పుడు మొక్క చక్కగా పెరిగినా, పూత పండుగ దాటిన తరువాత రావచ్చు. చామంతిలో దిగుబడి ఎంత ముఖ్యమో తేదీ అంతే ముఖ్యం. కార్తీకం ముగిసిన తరువాత విరబూసిన తోట చూపులకు ఇంపుగానే ఉంటుంది, కూలి ఖర్చు మాత్రం రాబట్టదు. అందువలన ఈ మైదానానికి చామంతి వంగడం కావాలంటే, దాని ఎంపిక ఈ మైదానపు పగటి నిడివిలో, ఈ రాత్రి ఉష్ణోగ్రతలో, ఈ నేలలోనే జరగాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదించే విషయం.

విత్తనం వేరు, పిలక వేరు

మిరపలో మంచి మొక్కను ఎంచి, పరపరాగ సంపర్కం జరగకుండా కాపాడుతూ కొన్ని తరాలు విత్తనం కడితే రకం స్థిరపడుతుంది. చామంతిలో ఆ మార్గం లేదు. తోట చామంతి షడ్గుణిత జాతి. సాధారణంగా 54 క్రోమోజోములు ఉంటాయి, వాటి సంఖ్యలో హెచ్చుతగ్గులు కూడా కనిపిస్తాయి. పైగా ఈ మొక్క తన పుప్పొడిని తానే నిరాకరిస్తుంది. కాబట్టి ప్రతి మొక్క జన్యుపరంగా మిశ్రమమే, ప్రతి గింజా ఒక కొత్త మొక్కే. పసుపు పూల తల్లి గింజల నుండి తెలుపు, ఊదా, ఇటుక రంగు పూల మొక్కలు రావచ్చు.

ఇది ఇబ్బందిగా కనిపించినా, ఇందులో ఒక సౌలభ్యం ఉంది. నచ్చిన మొలక ఒక్కటి దొరికితే చాలు, తరాల తరబడి స్థిరీకరించవలసిన పని లేదు. పిలకల ద్వారానో, కొమ్మ ముక్కల ద్వారానో ఆ ఒక్క మొక్కనే వేలకు పెంచవచ్చు. సంకరణం సులభం, ఎంపిక కష్టం. శ్రమ, సమయం, స్థలం అన్నీ ఎంపికకే కేటాయించవలసి ఉంటుంది.

సంకరణ విధానం

మనం ఒక పువ్వుగా చూసేది నిజానికి అనేక చిన్న పుష్పకాల గుత్తి. అంచున రేకుల వలె కనిపించే కిరణ పుష్పకాలలో స్త్రీ భాగం మాత్రమే ఉంటుంది. మధ్యనున్న చక్ర పుష్పకాలు ద్విలింగకాలు, పుప్పొడి వాటిలోనే లభిస్తుంది. ముద్దగా ఉండే పూలలో చక్ర పుష్పకాలు బహు తక్కువ కనుక అటువంటి రకాలను తల్లిగా, చక్రం స్పష్టంగా కనిపించే రకాలను తండ్రిగా వాడడం అనుకూలం.

తల్లి పువ్వులో చక్ర పుష్పకాలు ఉంటే తొలగించి, కీలాగ్రాలు బయటపడేలా రేకులను కత్తెరతో పొట్టిగా కత్తిరించి, కాగితపు సంచి తొడగాలి. పుష్పకాలు అంచు నుండి లోపలికి వరుసగా విచ్చుకుంటాయి కాబట్టి పుప్పొడి అద్దడం కొన్ని రోజుల వ్యవధిలో రెండు మూడు సార్లు చేయాలి. సంకర పత్తి విత్తనోత్పత్తిలో సాయంత్రం మొగ్గలలో కేసరాలు తీసి, మరునాడు ఉదయం పుప్పొడి అద్దే నేర్పు తెలుగు రాష్ట్రాల మహిళా కూలీలకు కొత్త కాదు. ఆ చేతులకు చామంతి సంకరణం నేర్పడానికి ఎక్కువ కాలం పట్టదు. గింజ పక్వానికి సుమారు ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది. గింజకు మొలకశక్తి త్వరగా తగ్గుతుంది కాబట్టి ఎక్కువ కాలం నిల్వ ఉంచకుండా విత్తుకోవాలి.

పగటి నిడివి చెప్పే లెక్క

చామంతి హ్రస్వదీప్తి మొక్క. మొగ్గ ఏర్పడటానికి పగలు సుమారు 14.5 గంటల కంటే, ఆ మొగ్గ వికసించే వరకు ఎదగడానికి 13.5 గంటల కంటే తక్కువగా ఉండాలని పాఠ్య గ్రంథాలు చెబుతాయి. రకాన్ని బట్టి ఈ హద్దులు మారతాయి. ఇప్పుడు రెండు స్థలాలను పోల్చి చూద్దాం. లూధియానాలో జూన్ నెలలో అత్యధిక పగలు సూర్యోదయం నుండి సూర్యాస్తమయం వరకు 14 గంటల పైచిలుకు, డిసెంబరులో అత్యల్ప పగలు 10 గంటల పైచిలుకు. గుంటూరులో అవి వరుసగా 13 గంటల పైన కొన్ని నిమిషాలు, 11 గంటల పైన కొన్ని నిమిషాలు. అక్కడ ఏడాదిలో నాలుగు గంటల తేడా ఉండగా ఇక్కడ రెండు గంటలు కూడా లేదు.

దీని పర్యవసానం ముఖ్యమైనది. ఉత్తర భారతంలో వేసవి పగలు మొక్కను ఎదుగుదల దశలో నిలిపి ఉంచుతుంది; శరదృతువు రాగానే తోట అంతా ఒక్కసారిగా మొగ్గ తొడుగుతుంది. ఇక్కడ ఆ అడ్డుకట్ట బలహీనం. కొన్ని రకాలు తగినంత ఎదగకముందే మొగ్గ వేస్తాయి. మరికొన్నింటిలో మొగ్గ ఏర్పడినా సెప్టెంబరు, అక్టోబరు నెలల వెచ్చని రాత్రుల వలన ఎదగక ఆలస్యమవుతుంది. చామంతి మొగ్గ ఎదుగుదలకు 16–18 డిగ్రీల సెల్సియస్ రాత్రి ఉష్ణోగ్రత అనుకూలమని పుస్తకాలు చెప్పే మాటను మన అక్టోబరు రాత్రులతో పోల్చితే కారణం బోధపడుతుంది. లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ, లూధియానాలోని పంజాబ్ వ్యవసాయ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన రకాలు సంకరణానికి విలువైన తల్లిదండ్రులు. కానీ ఆ రకాలతో పాటు వాటి పూత తేదీలు కూడా ఇక్కడికి వస్తాయని భావించరాదు.

మరొక చిక్కు పంచాంగానిది. దీపావళి 2023లో నవంబరు 12న, 2024లో అక్టోబరు 31న, 2025లో అక్టోబరు 20న వచ్చింది. చామంతి సూర్యుని గమనాన్ని బట్టి పూస్తుంది, పండుగ చంద్రుని గమనాన్ని బట్టి వస్తుంది. ఒక్క వంగడం ఈ రెంటినీ ప్రతి ఏడూ కలపలేదు. ముందు, మధ్య, ఆలస్యపు పూత గల కనీసం మూడు వంగడాలు, వాటికి తగిన నాటు తేదీలు, చిగుళ్ళు తుంచే సమయాలు కావాలి. రాత్రివేళ దీపాలు పెట్టి పూతను వెనక్కి నెట్టే పద్ధతి ఉన్నా, విద్యుత్తు ఖర్చు చిన్న రైతుకు భారమే. వంగడంలోనే తేదీ ఉంటే దీపం అవసరం తగ్గుతుంది.

ఏ గుణాలను ఎంచాలి?

పూత తేదీ తరువాత చూడవలసినది వేరు. నల్లరేగడిలో నీరు నిలిస్తే చామంతి వేరు కుళ్ళుతుంది. ప్రకాశం తీరంలో అక్టోబరు, నవంబరు వానలు, తుపానులు సరిగ్గా మొగ్గ దశలోనే వస్తాయి. ఎత్తు మడులు, బిందు సేద్యం తప్పనిసరి. అయినా మొలకల పరీక్షను మురుగు పారుదల బాగున్న మడికే పరిమితం చేస్తే, వానను తట్టుకునే మొక్క ఏదో తెలియదు. లాం వైపు నల్లరేగడిలోను, మార్కాపురం వైపు ఎర్ర నేలలోను ఒకే సంతతిని పరీక్షించడం మేలు.

మూడవది పువ్వు వాడకం. విడిపూలు కిలోల లెక్కన మార్కెట్‌కు చేరి, మూరల లెక్కన అమ్ముడవుతాయి. తడిసినా రేకులు రాలకపోవడం, దారం బిగించినప్పుడు విడిపోకపోవడం, బస్తాలో నలిగినా రంగు మారకపోవడం కొలతపత్రంలో ఉండాలి. ఈ గుణాలకు మార్కులు వేయడానికి పూలు కట్టే మహిళలను పిలవడం శాస్త్రీయతకు లోటు కాదు.

అన్ని విధాలా నచ్చిన మొక్కకు రంగు ఒక్కటే లోపమైతే గామా కిరణాల సహాయం తీసుకోవచ్చు. వేరు పట్టిన కొమ్మలకు సాధారణంగా 15–25 గ్రేల మోతాదు వాడతారు. మార్పు తరచుగా ఒక కొమ్మలోనో, పువ్వులో కొంత భాగంలోనో మాత్రమే కనిపిస్తుంది. ఆ భాగాన్ని వేరుచేసి, అవసరమైతే కణజాల వర్ధనం ద్వారా, కొత్త మొక్కగా పెంచాలి. రైతు తోటలో ఒక కొమ్మ తనంతట తానే వేరే రంగు పూస్తే అదీ ఇటువంటి ఉత్పరివర్తనమే. దానిని కలుపుగా పీకివేయకుండా గుర్తు కట్టమని చెప్పాలి.

వంగడం వచ్చిన తరువాత

పిలకలతో పాటు రోగాలూ తరలివస్తాయి. మొక్కను గిడసబార్చే వైరాయిడ్, చామంతి బి వైరస్ పైకి కనిపించకుండానే ఏళ్ళ తరబడి సాగుతాయి. కాబట్టి విడుదలకు ముందే అగ్రవిభాజ్య కణజాలం నుండి శుభ్రమైన తల్లి మొక్కలను తయారుచేసి విడిగా పెంచాలి. నల్ల తామర పురుగు పూలలో దాగే స్వభావం కలది, చామంతి దాని ఆతిథ్య మొక్కలలో ఒకటి. మిరప పక్కనే చామంతి వేయమని సిఫారసు చేసే ముందు విస్తరణ శాస్త్రవేత్త దీనిని తప్పక పరిగణించాలి.

చట్టపరమైన రక్షణ కూడా ఉంది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం కింద విశిష్టత, ఏకరూపత, స్థిరత్వం నిరూపితమైతే చామంతి వంగడాన్ని నమోదు చేయించవచ్చు. రైతు తన తోటలో గుర్తించి నిలబెట్టిన రకాన్ని రైతు రకంగా నమోదు చేయించుకునే హక్కు అదే చట్టంలో ఉంది.

ఈ పని మొదలుపెట్టడానికి పెద్ద ప్రయోగశాల అవసరం లేదు. ఇప్పటికే సాగులో ఉన్న రకాలకు నాటిన తేదీ, చిగురు తుంచిన తేదీ, మొగ్గ కనిపించిన తేదీ, తొలి కోత, చివరి కోత, ఆ రోజుల కనిష్ఠ ఉష్ణోగ్రత నమోదు చేసే పట్టిక ఒకటి చాలు. స్నాతకోత్తర విద్యార్థులు మూడేళ్ళు వరుసగా దీనిని నింపితే, ఏ రకాన్ని తల్లిగా తీసుకోవాలో, ఏది తండ్రిగా పనికివస్తుందో ఆ అంకెలే చెబుతాయి. సంకరణం ఆ తరువాతి మెట్టు.