నేల కింద ఏముందో ఎవరు చెప్పాలి?

దమ్మాయిగూడకు ఒక పక్క జవహర్‌నగర్ డంపింగ్ యార్డు. ఇంకో పక్క చర్లపల్లి, కుషాయిగూడ, ఆ పైన మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు. నగరం పారేసిన చెత్త ఒకవైపు, నగరానికి సరుకు చేసిపెట్టిన ఫ్యాక్టరీలు వదిలిన మడ్డి ఇంకోవైపు. ఊరు 2019లో మున్సిపాలిటీ అయింది, 2025 డిసెంబరులో జీహెచ్‌ఎంసీలో కలిసింది. హోదా మారినంత మాత్రాన బోరు నీళ్లు మారవు గదా! పల్లెలో గుంట భూమి లేక వచ్చినవాళ్లు ఇక్కడ కిరాయి గదుల్లో ఉండి ఆ ఫ్యాక్టరీల్లో పనిచేశారు. డ్రమ్ములు కడగడం, సంపులు తోడడం, బురద ఎత్తిపోయడం ఏ కులాల చేతికొస్తాయో ఈ పత్రిక పాఠకులకు విడమర్చి చెప్పనక్కర్లేదు.

ఆ స్థలాల గురించి ఇప్పుడే ఎందుకు మాట్లాడాలంటే, 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం హైదరాబాద్ ఇండస్ట్రియల్ ల్యాండ్స్ ట్రాన్స్‌ఫర్మేషన్ పాలసీ తెచ్చింది. పొట్టిగా హిల్ట్ అంటున్నారు. 22 పారిశ్రామికవాడలు, దాదాపు 9,292 ఎకరాలు దాని కిందికి వస్తాయి. ఉప్పల్, నాచారం, మల్లాపూర్, చర్లపల్లి అందులో ఉన్నాయి. రిజిస్ట్రేషన్ విలువలో 30 శాతం, 80 అడుగులు లేదా అంతకు మించిన రోడ్డు మీదుంటే 50 శాతం రుసుము కట్టిన యజమాని ఫ్యాక్టరీ జాగాలో అపార్ట్‌మెంట్లు, ఆఫీసులు కట్టుకోవచ్చు. ప్రతిపక్షం ఇది లక్షల కోట్ల కుంభకోణమంది. కాలుష్యాన్ని నగరం బయటికి పంపడానికేనని ప్రభుత్వమంది. రెండు పక్షాల కొట్లాటా ధర మీదే. రుసుము లెక్కలో రోడ్డు వెడల్పుకు చోటుంది, మట్టిలో ఏముందన్నదానికి లేదు.

ఫ్యాక్టరీ పోతే పొగ పోతుంది. మట్టిలోకి దిగింది అట్లాగే ఉంటుంది. సీసం, క్రోమియం లాంటి లోహాలు కుళ్లవు, కరిగి మాయం కావు. రంగులు, మందుల తయారీలో వాడే ద్రావకాలు మెల్లగా కిందికి దిగి భూగర్భ జలంలో కలుస్తాయి. మన హైదరాబాదు నేల సంగతి ఇంకా చిక్కు. పైన కొంత మట్టి, మొరం, కింద గ్రానైటు. ఆ రాయిలో నీళ్లు నెర్రెల వెంబడి పోతాయి. అందుకే ఫ్యాక్టరీ గోడ పక్కన ఉన్న బోరు బాగుండి, రెండు వీధుల అవతలి బోరు చెడిపోవచ్చు. ఒక్క బోరు నీళ్లు పరీక్షించి అంతా బాగుందని తెచ్చే కాగితాన్ని నమ్మడానికి లేదు. భవనం కట్టేటప్పుడు సెల్లార్ తవ్వుతారు. ఆ తీసిన మట్టి ఏ బస్తీ గుంటలో పోస్తారు? తోడిన నీళ్లు ఏ నాలాలోకి వదులుతారు? కొత్త ఫ్లాట్ కొన్నవాడి కంటే ముందు ఆ విషం తగిలేది తవ్వే కూలీకి.

ఇదంతా ఊహ అనుకోవద్దు. ఉప్పల్ రోడ్డు మీదున్న ఎన్‌జీఆర్‌ఐ శాస్త్రవేత్తలే పటాన్‌చెరు, కాటేదాన్ పారిశ్రామికవాడల మట్టిని పరీక్షించి, క్రోమియం, ఆర్సెనిక్ లాంటివి ఎక్కువగా ఉన్నాయని రాశారు. కాటేదాన్ కూడా హిల్ట్ జాబితాలో ఉంది.

ఇక్కడొక మాట. మాదిగల లందలో తోలు ఊరింది తంగేడు చెక్కతో, కరక్కాయతో, సున్నంతో. అవి మట్టిలో కలిసిపోయేవే. ఆ వాసన భరించలేమని లందను ఊరి బయటే ఉంచారు. అదే తోలుకు ఫ్యాక్టరీవాళ్లు క్రోమియం పట్టిస్తే దానికి పరిశ్రమ అని పేరొచ్చింది, సర్కారు స్థలమిచ్చింది, బ్యాంకు అప్పిచ్చింది. మైల అన్న మాట ఎవరికి అంటుకుంటుందో, ఎవరికి అంటుకోదో చూడండి.

కలుషిత స్థలాన్ని అంచనా వేయడమంటే నేరుగా మట్టి తీసి ల్యాబుకు పంపడం కాదు. ముందు ఆ స్థలం చరిత్ర కట్టాలి. ఏ సరుకు వచ్చేది, ఏ వ్యర్థం పోయేది, ట్యాంకులెక్కడ, డ్రమ్ములెక్కడ, సోక్ పిట్ ఎక్కడ? అది తెలిస్తేనే ఎక్కడ, ఎంత లోతున నమూనా తీయాలో తెలుస్తుంది. తెలియకపోతే గేటు దగ్గర శుభ్రమైన మట్టి తీసి శుభ్రంగా ఉందని రాయొచ్చు. తర్వాత చూసేది విషం మనిషిని చేరే దారి: నీళ్లా, దుమ్మా, చేతులా. ఇంట్లో పిల్లలు మట్టిలో ఆడతారు కాబట్టి ఫ్యాక్టరీకి సరిపోయిన హద్దు నివాసానికి సరిపోదు. ఈ పనిలో మొదటి మెట్టు, అంటే చరిత్ర కట్టడం, కన్సల్టెంటు చేతిలో పడితే అతను యజమాని రికార్డులు చూస్తాడు. రాత్రిపూట గుంట తవ్వి డ్రమ్ములు పూడ్చితే ఏ రికార్డులో రాస్తారు? పూడ్చిన కాంట్రాక్టు కూలీకే తెలుసు. అతని పేరు మస్టర్లో కూడా ఉండదు. ఫ్యాక్టరీ మూతపడిన రోజున అతను ఇంకో పని వెతుక్కుంటూ పోతాడు, ఆ సాక్ష్యం అతనితోనే పోతుంది.

చట్టం పూర్తిగా లేకపోలేదు. 2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. స్థానిక సంస్థ లేదా జిల్లా యంత్రాంగం తనంతట తానో, ప్రజల ఫిర్యాదు మీదో అనుమానిత స్థలాలను ఆరు నెలలకోసారి జాబితా చేయాలి. తర్వాత 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఆపైన వివరమైన సర్వే. శుద్ధి ఖర్చు పాడుచేసినవాడిది. వాడు దొరక్కపోతే ప్రభుత్వాలది. అయితే శుద్ధి ఎప్పటికి పూర్తికావాలో గడువు పెట్టలేదు. నిబంధనలు వచ్చేనాటికి దేశంలో గుర్తించినవి 103 స్థలాలు, పని మొదలైనవి 7. మున్సిపల్ చెత్త స్థలాలు మామూలుగా వీటి పరిధిలోకి రావు. చెత్తలో ప్రమాదకర రసాయనాలు కలిసి హద్దు దాటితేనే వస్తాయి. జవహర్‌నగర్‌లో పాత చెత్తకుప్ప మీద కప్పు వేశారు గానీ, మల్కారం చెరువులోకి దిగిన మురికి కథ అందరూ చూసిందే. రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ కేసులో పాడుచేసినవాడే కట్టాలని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. ఆ కంపెనీలు కోర్టుల చుట్టూ తిప్పి 2011 దాకా లాగాయి.

స్థలం చేతులు మారితే బాధ్యత ఎట్లా జారిపోతుందో అమెరికాలో లవ్ కెనాల్ చూపించింది. 1953లో ఒక రసాయన కంపెనీ విషం పూడ్చిన స్థలాన్ని ఒక్క డాలరుకు స్కూలు బోర్డుకిచ్చి, ఇకముందు ఏమైనా మాది కాదని రాయించుకుంది. బడి కట్టారు, చుట్టూ ఇళ్లొచ్చాయి. 1978లో అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించారు. హిల్ట్ కింద జాగా మారే ప్రతి చోటా అలాంటి కాగితం మీద సంతకాలు కాకముందే మట్టి పరీక్ష జరగాలని మనం అడగాలి.

ఫిర్యాదుకు పెద్ద భాష అక్కర్లేదు. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే; ఆఫీసు భాష ఎంత భయపెడుతుందో తెలుసు. ప్లాటు నంబరు, ఏ ఏడు నుంచి ఏ ఏడు దాకా ఏం చేశారు, ఏ మూల ఏం పూడ్చారు, ట్యాంకరు ఏ గేటు నుంచి ఏ వేళ పోయేది, ఏ బోరు ఎప్పుడు రంగు మారింది. చేతితో గీసిన పటం జతచేయాలి. రాయడం రాని అన్న, అక్క చెబుతుంటే మన విద్యార్థి రాయాలి, కింద వేలిముద్ర చాలు. ఒక నకలు కలెక్టరుకు, ఒకటి కాలుష్య నియంత్రణ మండలికి. ముట్టినట్టు ముద్ర వేయించుకోవాలి. చెప్పినవాళ్ల పేర్లు మాత్రం వేరే కాగితంలో రాసి సంఘం దగ్గరే పెట్టుకోండి, ఇంకో ఫ్యాక్టరీలో వాళ్లకు రేపు పని కావాలి.