లహైనా కాలిపోయాక స్థానిక నిధి ఏం చేసింది? మన సంఘాలు నేర్చుకోవలసింది ఏమిటి?

వేసవిలో ఏ పేటలోనైనా పూరిళ్లు అంటుకుంటే సాయంత్రానికల్లా అన్నం పొట్లాలు, దుప్పట్లు, పాత బట్టలు వచ్చేస్తాయి. పది రోజులు గడిచాక వచ్చేవాళ్లు తగ్గిపోతారు. అద్దె ఇంటికి అడ్వాన్సు, కాలిపోయిన కుట్టుమిషను, పిల్లల సర్టిఫికెట్లు, పోయిన రేషను కార్డు, ఈ బాధలన్నీ మొదలయ్యేది అప్పుడే. ఈ రెండో దశ కష్టానికి కూడా డబ్బు దాచి ఉంచిన ఒక స్థానిక నిధి గురించి ఈసారి చెప్పుకుందాం. అది అమెరికాలోని హవాయి దీవులది.

ఆ రోజు జరిగింది

మావీ దీవిలోని లహైనా ఒకప్పుడు హవాయి రాజ్యానికి రాజధాని. 2023 ఆగస్టు 8 ఉదయం ఈదురుగాలులకు తెగిపడిన కరెంటు తీగల వల్ల అక్కడ ఎండుగడ్డి అంటుకుంది. ఆరిపోయిందనుకున్న ఆ నిప్పే మధ్యాహ్నం మళ్లీ రాజుకుందని 2024 అక్టోబరులో వెలువడిన దర్యాప్తు నివేదిక తేల్చింది. కొన్ని గంటల్లోనే ఊరు బూడిదైంది. 102 మంది చనిపోయారు. 2,200కు పైగా కట్టడాలు కాలిపోయాయి లేదా దెబ్బతిన్నాయి.

అంత గడ్డి అక్కడికి ఎలా వచ్చింది? లహైనా చుట్టూ తరాల తరబడి చెరకు పండించారు. అక్కడి పయొనీర్ చక్కెర మిల్లు 1999లో మూతపడింది. సాగు ఆగిన పొలాల్లో బయటి దేశాల నుంచి వచ్చిన గడ్డి జాతులు ఏపుగా పెరిగి, ఎండాకాలంలో చితుకుల్లా తయారయ్యాయి.

ముందే ఉన్న సంస్థ

ఒక ప్రాంతపు దాతలు ఇచ్చిన డబ్బును ఒకచోట చేర్చి, ఆ ప్రాంతంలో పనిచేసే సంస్థలకు గ్రాంట్లుగా ఇచ్చే వాటిని అమెరికాలో కమ్యూనిటీ ఫౌండేషన్లు అంటారు. మొదటిది 1914లో క్లీవ్‌లాండ్‌లో పుట్టింది. హవాయి కమ్యూనిటీ ఫౌండేషన్ 1916 నుంచీ ఉంది. అందుకే లహైనా కాలిన వెంటనే 'మావీ స్ట్రాంగ్' నిధి పేరిట విరాళాలు తీసుకోగలిగింది. కొత్తగా ఖాతా తెరవడం, కమిటీ వేసుకోవడం, ఎవరిని నమ్మాలో విచారించుకోవడం వంటి పనులతో రోజులు పోలేదు. ప్రపంచం నలుమూలల నుంచి దాదాపు 20 కోట్ల డాలర్లు వచ్చాయి.

ఆ డబ్బును ఒక్కసారే పంచేయలేదు. మొదట తిండి, మందులు, తలదాచుకునే చోటు చూశారు. తర్వాత ప్రభుత్వంతోనూ ఇతర సంస్థలతోనూ కలిసి తాత్కాలిక ఇళ్ల పనికి సాయం చేశారు. పొగ, బూడిద పీల్చినవాళ్ల ఆరోగ్యాన్ని పదేళ్లపాటు గమనించేందుకు హవాయి విశ్వవిద్యాలయం చేపట్టిన అధ్యయనానికీ ఈ నిధి నుంచి డబ్బు వెళ్లింది.

నేరుగా చేతికి డబ్బు ఇచ్చిన నిధి ఇంకొకటి ఉంది. ఓప్రా విన్‌ఫ్రీ, డ్వేన్ జాన్సన్ కోటి డాలర్లతో మొదలుపెట్టిన పీపుల్స్ ఫండ్ ఆఫ్ మావీ, ఇల్లు పోయిన పెద్దవాళ్లకు నెలకు 1,200 డాలర్ల చొప్పున కొన్ని నెలలు ఇచ్చింది. రెండూ కావలసినవే. చేతికందిన డబ్బుతో ఈ నెల గడుస్తుంది. నిలిపి ఉంచిన డబ్బు మూడో ఏడాదికి పనికొస్తుంది. కాకపోతే ఖాతాలో డబ్బు ఉండీ బాధితుడి చేతికి రాకపోతే ఎవరికైనా అనుమానం వస్తుంది. అందుకే ఏ సంస్థకు ఎంత ఇచ్చారో ఫౌండేషన్ బయటపెట్టింది.

లెక్కలోకి రానివాళ్లు

మమ్మల్ని ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ సంగతే. మంటలకు ముందు లహైనా జనాభాలో సుమారు నూటికి నలభై మంది ఫిలిప్పీన్స్ మూలాలవాళ్లు. 1906 నుంచీ ఆ దేశపు కూలీలను హవాయి చెరకు తోటలకు తెచ్చారు. వాళ్ల ఇళ్లలో ఇలోకానో, టగాలోగ్ వినిపిస్తాయి. ఇంగ్లిషులో ఉన్న సాయం ఫారాలు అందరికీ అర్థం కావు. అద్దెకుండేవాళ్ల పేరు మీద ఇల్లు లేదు. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలున్నచోట ఎవరి పేరు రాయాలో తెలియదు. సరైన వీసా కాగితాలు లేనివాళ్లు కేంద్ర విపత్తు సంస్థ ఇచ్చే నగదుకు సాధారణంగా అర్హులు కారు. ఇలాంటివాళ్ల గుమ్మం దాకా వెళ్లగలిగేది వాళ్ల భాష వచ్చిన స్థానిక సంస్థలే. నిధి గ్రాంట్లు అటువంటి వాటికీ చేరాయి.

చెరకు కోసం సముద్రం దాటిన కథ మనకూ కొత్త కాదు. 1828లోనే యానాం నుంచి తెలుగు కూలీలను రీయూనియన్ దీవికి ఓడెక్కించారు. కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ నేలల మీద తరాలుగా ఉంటున్న మన ఇళ్లలోనూ, కార్యాలయం నుంచి వచ్చిన కాగితాన్ని పక్కింటి పిల్లాడి చేత చదివించుకునే అవ్వలు, తాతలు ఉన్నారు.

మన సంఘాలు చేయగలిగింది

కోట్ల డాలర్లు మన దగ్గర ఉండవు. కానీ చాలా ఊళ్లలో మనకు సంఘం ఉంది, ఉగాదికి చందా ఇచ్చే చేతులున్నాయి. ఆపద రాకముందే నాలుగు పనులు చేసుకోవచ్చు.

ఒకటి, పేటలో అద్దెకున్నవాళ్లు, ఒంటరి వృద్ధులు, కార్డులు లేనివాళ్లు ఎవరో రాసి పెట్టుకోవడం. రెండు, ఉత్సవాల డబ్బుతో కలపకుండా ఆపద నిధికి వేరే ఖాతా ఉంచడం. మూడు, వచ్చిన విరాళంలో కొంత భాగాన్ని ఆరు నెలల తర్వాతి అవసరాలకు ఆపుతామని ముందే తీర్మానించడం. నాలుగు, ఎంత వచ్చింది, ఎవరికి ఎంత ఇచ్చాం అన్న లెక్కను తెలుగులోనూ స్థానిక భాషలోనూ అందరికీ కనిపించేలా గోడకు అంటించడం.

వీటిలో మొదటి పనికి పైసా ఖర్చు లేదు. ఒక నోటు పుస్తకం, ఇంటింటికీ తిరిగే ఇద్దరు మనుషులు చాలు. వచ్చే సంఘ సమావేశంలో దానితోనే మొదలుపెడదాం.