దీవిలో గాలి తిరిగిన మూడు రోజులు

సముద్రపు గాలి ఉబ్బసానికి మేలు చేస్తుందని పెద్దలు చెప్పగా వింటూ పెరిగినదానను నేను. అందుచేత 2020 ఫిబ్రవరిలో టెనెరిఫె ద్వీపంలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఉబ్బసంతో బాధపడే ఏడేళ్ల మనుమడిని గురించి నాకు చింత లేకపోయింది. చుట్టూ సముద్రమే గదా అనుకున్నాను.

ఆఫ్రికా తీరానికి చేరువలో, అట్లాంటిక్ మహాసముద్రంలో అగ్నిపర్వతాల లావాతో ఏర్పడినవి కానరీ దీవులు. స్పెయిన్ దేశానికి చెందిన ఈ దీవులలో పెద్దది టెనెరిఫె. దాని నడుమ 3,715 మీటర్ల ఎత్తున టైడే శిఖరం నిలిచి ఉంటుంది. అక్షాంశం చూస్తే ఇది ఇంచుమించు మన ఢిల్లీకి సమానం. తూర్పున సహారా ఎడారి. అయినప్పటికీ ఉత్తర తీరంలో ఏడాది పొడుగునా వాతావరణం హాయిగా ఉంటుంది. ఈశాన్యం నుంచి సముద్రం మీదుగా వీచే చల్లని వ్యాపార పవనాలే దీనికి కారణం. తేమతో నిండిన ఆ గాలి కొండవాలు ఎక్కి మేఘమవుతుంది. దానిపైన వెచ్చని పొడిగాలి మూతవలె పరచుకొని ఉండటంవల్ల మేఘం మరి పైకి పోలేదు. కొండమీద నిలబడి చూస్తే పాదాల క్రింద మేఘాల సముద్రం కనిపిస్తుంది. పందొమ్మిదవ శతాబ్దపు చివరి రోజులలో యూరపులోని ఊపిరితిత్తుల రోగులు ఈ గాలి కోసమే ఇక్కడి పుయెర్తో దె లా క్రూజ్ పట్టణానికి వచ్చి బస చేసేవారు.

ఫిబ్రవరి 22న ఆ గాలి దిక్కు మార్చుకున్నది. తూర్పు, ఆగ్నేయ దిశల నుంచి సహారా ధూళి వచ్చి పడింది. దీనిని అక్కడివారు ‘కలీమ’ అంటారు. మధ్యాహ్నానికే ఆకాశం కావిరంగుకు తిరిగింది. ఎదురింటి మేడ కనుమరుగైంది. విమానాల రాకపోకలు నిలిచిపోయాయి. కొన్నిచోట్ల ఘనమీటరు గాలిలో ధూళికణాలు 1,000 మైక్రోగ్రాములు దాటిన గంటలున్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన పరిమితి, 24 గంటల సగటున, 45 మాత్రమే!

నేను చేసిన పొరపాటు

తలుపులన్నీ మూసుకొని కూర్చున్నాము. ఇంట్లో దుమ్ము వాసన. గాలి శుద్ధి అవుతుందన్న నమ్మకంతో, ఇంటినుంచి తీసుకువెళ్లిన సాంబ్రాణి వేశాను. పావుగంట గడిచేసరికి పిల్లవాడికి పిల్లికూతలు మొదలయ్యాయి. డొక్కలు ఎగరేస్తూ, మాట పలకలేక నా చేయి పట్టుకున్నాడు. అమ్మాయి పరుగున వచ్చి, “అమ్మా, ముందు ఆ పొగ ఆర్పెయ్యి” అని, వైద్యులు చెప్పిన ప్రకారం స్పేసరుతో ఇన్‌హేలర్ పట్టించింది. ఊపిరి కుదుటపడేదాకా నా ప్రాణం కుదుటపడలేదు.

ఆ రాత్రి నాకు చరక సంహిత జ్ఞాపకం వచ్చింది. విమానస్థానం మూడవ అధ్యాయంలో జనపదాలను ధ్వంసం చేసే నాలుగింటిని చరకుడు చెప్పాడు: చెడిన గాలి, నీరు, దేశం, కాలం. చెడిన గాలి లక్షణాలలో మితిమీరిన రూక్షతను, ఇసుకను, ధూళిని, పొగను చేర్చాడు. ఇసుకనూ ధూళినీ ఎడారి పంపితే, పొగను నేను చేర్చాను. చదివిన మాట అవసరానికి గుర్తురాలేదు.

మరుసటి ఏడు అదే దీవుల సముదాయంలోని లా పాల్మలో అగ్నిపర్వతం బ్రద్దలైంది. 2021 సెప్టెంబరు 19న మొదలై 85 రోజులపాటు లావాను, బూడిదను, గంధకపు వాయువును క్రక్కింది. ఆ వాయువు ఉబ్బస రోగుల శ్వాసనాళాలను బిగబట్టిస్తుంది. హాయిని కూర్చే ఆ వెచ్చని గాలిమూతే అప్పుడు విషవాయువును పైకి పోనీయక నేలకు అదిమిపెట్టింది. కిటికీలు బిగించుకొని ఇంట్లోనే ఉండవలసిందిగా వేలాదిమందికి అధికారులు చెప్పవలసి వచ్చింది. మంచి గాలికి పేరుపడిన చోటైనా, ప్రతిదినమూ మంచిదినం కాదు.

ధూళి రోజులలో పాటించవలసినవి

1. తలుపులు, కిటికీలు మూసి ఉంచండి. పొడిచీపురు వాడక, తడిగుడ్డతో తుడవండి.

2. అగరువత్తులు, సాంబ్రాణి, దోమలచుట్టలు వెలిగించకండి. వంటలో పోపు ఘాటు ఎక్కకుండా చూసుకోండి.

3. బయటకు వెళ్లక తప్పనప్పుడు ముఖానికి చక్కగా అమరే ఎన్-95 మాస్కు ధరించండి. తిరిగి వచ్చాక ముఖం కడుక్కొని, ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో పుక్కిలించండి.

4. గొంతు గరగరకు అల్లం, తులసి వేసి కాచిన కషాయం గోరువెచ్చగా సేవించవచ్చు. ఇది గొంతుకు హాయినిస్తుందే గాని బిగిసిన శ్వాసనాళాలను విప్పలేదు.

5. వైద్యులు ఇచ్చిన మందులను మానరాదు. ఇన్‌హేలర్ ఎల్లప్పుడూ చేతికందేచోట ఉండాలి. మందు వాడినా ఆయాసం తగ్గకపోయినా, మాట తడబడినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

మూడవనాటికి ధూళి పలుచబడసాగింది. ఆ తరువాత ఈశాన్యపు గాలి తిరిగి వచ్చింది. కిటికీ తెరవగానే మనుమడు ముక్కు బయటపెట్టి, “అమ్మమ్మా, ఈరోజు గాలి మంచిదే” అన్నాడు. ఇప్పుడు మా ఇంట సాంబ్రాణి డబ్బా మూత తీసేముందు గాలి ఎటునుంచి వీస్తున్నదో, ఇంట్లో ఎవరి ఊపిరి ఎలా ఉన్నదో చూసుకుంటున్నాను. భోగిమంటల పొగ వాకిట నిలిచే ఉదయాలలోనైతే ఆ డబ్బా జోలికే పోను.