రాయి వేస్తే భయం, ముద్ద పెడితే మచ్చిక



వేసవి సెలవులకి మనమందరం ఇండ్లకి పోతాం. మన కాలనీల్లో, తండాల్లో కుక్కలు లేని వీధి ఉండదు. వాటి గురించే ఈ వ్యాసం. ముందుగా నేను చేసిన తప్పు చెప్తాను.

మా యానాది కాలనీలో కర్రెది అని ఒక కుక్క ఉంది. అది పిల్లగా ఉన్నప్పుడు నేనూ నా జతగాళ్ళూ దానిమీద రాళ్ళు వేసేవాళ్ళం. అది కుయ్యోమని పరిగెత్తుతుంటే మాకు నవ్వు. రెండేండ్ల తర్వాత, కింద పడిన గిన్నె తీసుకోను వంగిన మా చెల్లెల్ని అది పిక్క మీద కరిచింది. మా చెల్లి దాన్ని ఎప్పుడూ కొట్టలేదు. కానీ వంగిన మనిషి రాయి తీసుకుంటాడని ఆ కుక్కకి నేర్పింది నేనే కదా!

మా తాత చేలల్లో ఎలుకలు పట్టను పోయేటప్పుడు కుక్కని వెంట తీసుకుపోయేవాడు. అది బొరియ చూపిస్తే చాలు, "సెబాస్!" అని వెంటనే ఏదో ఒకటి తినిపించేవాడు. ఏ రోజూ కర్ర ఎత్తలేదు. చెల్లిని కరిచినప్పుడు ఆయన నాతో ఒకే మాట అన్నాడు. "రాయేస్తే కుక్క పోతాది రా నాయనా, దాని బయం పోదు."

తాత చెప్పింది సైన్సు కూడా ఒప్పుకుంటుంది. రష్యా శాస్త్రవేత్త ఇవాన్ పావ్లోవ్ (1904లో నోబెల్ బహుమతి పొందాడు) కుక్కలకి తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక శబ్దం వినిపించాడు. కొన్నాళ్ళకి తిండి లేకపోయినా, ఆ శబ్దానికే వాటికి నోట్లో నీళ్ళు ఊరాయి. మన మెస్ గంట కొడితే మనకి ఊరినట్టే! అట్లాగే మనిషిని చూసినప్పుడల్లా తిండి దొరికితే కుక్కకి మనిషంటే ఇష్టం, రాయి తగిలితే భయం. ఎక్కువ కుక్కలు కరిచేది భయంతోనే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. కుక్కపిల్లకి మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా నేర్చుకునే వయసు. అమెరికాలో 1961లో వెలువడిన ఒక పరిశోధనలో, 14 వారాలు మనుషుల చేయి తగలకుండా పెరిగిన పిల్లలు ఆ తర్వాత అడవి జంతువుల్లా మనిషికి దూరంగా పోయాయి. కాబట్టి ఆ వారాలే ముఖ్యం.

పోయిన వేసవి సెలవుల్లో కర్రెది ఈనిన పిల్లల్లో ఒకదాన్ని మా నాయన ఇంటికి తెచ్చాడు. దానికప్పుడు ఎనిమిది వారాలు. పేరు చుక్క. నేను పాటించిన పద్ధతి ఇది.

1. మొదటి రెండు రోజులు దాన్ని ఎత్తుకోలేదు. పక్కకి తిరిగి నేలమీద కూర్చుని సంగటి ముద్ద చిన్నచిన్నగా చేసి వేశాను. అదే నా దగ్గరికి వచ్చింది.

2. తర్వాత రోజుకి ఒక కొత్త మనిషిని చూపించాను. టోపీ పెట్టినవాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలివాళ్ళు, చిన్నపిల్లలు. ప్రతి ఒక్కరూ దూరంగా నిలబడి ఒక ముక్క వేశారు. ఒక్కసారికి ఐదు నిమిషాలే.

3. గంగజాతరకి డప్పులు మోగితే అది మంచం కిందకి దూరింది. దాన్ని గుంపులోకి తీసుకుపోలేదు. డప్పు సన్నగా వినిపించే దూరంలో కూర్చుని, మోగినప్పుడల్లా ఉడికిన గుడ్డు ముక్క పెట్టాను. మొహానికి రంగు పూసుకుని వేషం కట్టిన మా అన్న వస్తే మొరిగింది. అన్న అక్కడే కూర్చుని మెల్లగా పిలిచి ఒక ముక్క వేశాడు. గొంతు గుర్తుపట్టి తోక ఊపింది.

4. తప్పు చేస్తే కొట్టలేదు. చేయి కొరికితే ఆట ఆపి లేచిపోయాను. ఊరుకున్నాక మళ్ళీ ఆడాను.

5. టీకాలు పడేదాకా దాన్ని వేరే కుక్కల గుంపులోకి వదల్లేదు. పిల్లలకి వేరే కుక్కల నుంచి జబ్బులు సులభంగా అంటుకుంటాయి.

కుక్క భయపడుతోందని ఎట్లా తెలుస్తుంది? తోక కాళ్ళ మధ్య దూరుస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. తిండి లేకుండానే పెదాలు నాక్కుంటుంది, నిద్ర రాకుండానే ఆవలిస్తుంది. అప్పుడు ఇంకా దగ్గరికి పోకండి. గుర్రుమన్నందుకు కొట్టకండి. అది "దూరంగా ఉండు" అని చెప్పే మాట. ఆ మాట మానిపిస్తే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది.

మిత్రులారా, ఇవి మరవకండి. పిల్లలున్న తల్లికుక్క దగ్గరికి పోవద్దు. తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు ముట్టుకోవద్దు. తెలియని కుక్క వస్తే పరిగెత్తకుండా చేతులు దించి కదలకుండా నిలబడండి. పెద్దవాళ్ళు లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీళ్ళతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టకూడదు. ఆ రోజే సర్కారు ఆసుపత్రికి పోవాలి. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మా అవ్వ భయపడింది. ఆ కాలం పోయింది. మా చెల్లికి చేతికే, మొదటి రోజు, 3, 7, 28వ రోజుల్లో వేశారు. రేబిస్ ముదిరి లక్షణాలు బయటపడితే ఇక బతకడం దాదాపు ఉండదు. కాబట్టి ఒక్క సూది కూడా మానరాదు.

కుక్కపిల్లకి మూడు నెలలు నిండగానే పశువైద్యశాలలో రేబిస్ టీకా వేయించాలి. 1885 జులై 6న లూయీ పాశ్చర్ ఒక పిల్లవాడికి మొదటిసారి ఈ టీకా వేయించాడు. అందుకే జులై 6న చాలా పశువైద్యశాలల్లో కుక్కలకి ఉచితంగా వేస్తారు. చుక్కని కూడా ఆ రోజే మా నాయన తీసుకుపోయాడు.

ఇప్పుడు చుక్క పక్కన మా చెల్లి వంగి గిన్నెలు తోముతుంది. మరి కర్రెది? రోజూ దూరంగా ఒక ముద్ద పెట్టి లేచి వచ్చేవాణ్ణి. సెలవులు అయిపోయేసరికి నేను పది అడుగుల దూరంలో కూర్చున్నా తినసాగింది. అంతకంటే దగ్గరికి రాలేదు. నేనూ బలవంతం చేయలేదు. ఈ సెలవుల్లో మళ్ళీ కూర్చుంటాను.

మీరు కూడా ఇంటికి పోయినప్పుడు చేతిలో రాయి ఉంటే కింద పడేయండి.

— 9వ తరగతి విద్యార్థి