రోడ్డు లేని ఊరి నెయ్యికి ఇంటర్నెట్ దారి

కడప నుండి రాయచోటి వెళ్ళే ఘాటు దారిలో గువ్వలచెరువు అనే ఊరున్నది. ఆ ఊరి పాలకోవా సంగతి తెలియనివారు రాయలసీమలో అరుదు. దారిన పోయే బస్సులు, కార్లు అక్కడ ఆగుతాయి. దిగినవారు తామొక ముక్క తిని, ఇంటికొక పొట్లం కట్టించుకుంటారు. కోవా రుచి గొప్పదే, సందేహం లేదు. అయితే అంత రుచిగానూ కోవా దించగల ఇల్లాండ్రు, పూస కట్టే నెయ్యి కాచగల పెద్దమ్మలు మన సంఘాలున్న ఊళ్ళలో ఎందరు లేరు? వారి గుమ్మం ముందు నుండి పెద్దరోడ్డు పోదు. అందుచేత వారి చేతి సరుకు కూతురి అత్తవారింటి దాకా పోయి అక్కడ ఆగిపోతుంది.

ఈ రోజుల్లో మన సభ్యుల ఇళ్ళలో చాలావరకు ఒక సెల్‌ఫోను, అందులో ఇంటర్నెట్ ఉంటున్నాయి. సాయంత్రం పూట పిల్లలు దానిలో సినిమాలు చూస్తారు, పెద్దలు కబుర్లు వింటారు. అదే ఫోను రోడ్డు లేని ఊరికి రోడ్డు కాగలదు. కాని రోడ్డు పడినంత మాత్రాన బండిలో సరుకు నిండదు, నిండిన సరుకంతా లాభానికే పోతుందనీ లేదు. కొందరు ఉత్సాహంకొద్దీ ముందు ఫోనులో ప్రకటన పెట్టి, తరువాత లెక్క చూసుకుంటున్నారు. ఇది తలక్రిందుల పని. ముందు లెక్కనే చూద్దాం.

పచ్చిపాలు దూరప్రయాణానికి పనికిరావు. వాటిని సంఘానికి పోయడమే మేలు. కోవా రెండు మూడు రోజుల సరుకు, దగ్గరి పట్నం దాటి పంపితే పులిసిన ఫిర్యాదులు వస్తాయి. ఎంత దూరమైనా పోగలిగేది నెయ్యి. పిడకలకు, మేలుజాతి పశుగ్రాసపు కణుపులకు కూడా ఇంటర్నెట్‌లో బేరాలున్నాయి. వాటికి పాలు తగ్గించుకోవలసిన పని కూడా లేదు. అయినా మన సభ్యులు ఎక్కువగా అడిగేది నెయ్యి గురించే కనుక దానినే తీసుకుందాం.

ఒక సభ్యురాలు రోజూ 4 లీటర్ల గేదెపాలు సంఘానికి పోయకుండా నెయ్యికి ఉంచుకున్నారనుకొనండి. నెలకు 120 లీటర్లు, బరువులో సుమారు 123 కిలోల 600 గ్రాములు. వెన్న శాతం 7 అయితే అందులో ఉన్న వెన్న 8 కిలోల 650 గ్రాములు. సంఘం కిలో వెన్నకు, మాటవరుసకు, 800 రూపాయలు కట్టి ఇస్తున్నదనుకుంటే ఆ పాలను పోసి ఉంటే 6,920 రూపాయలు చేతికి వచ్చేవి. ఇక్కడ వెన్న అంటే పాలలోని కొవ్వు. కవ్వానికి వచ్చే వెన్నముద్దలో నీరు కూడా ఉంటుంది కనుక రెంటినీ కలిపి లెక్క కట్టరాదు.

తోడుపెట్టి, చిలికి, కాచినప్పుడు ఈ కొవ్వంతా నెయ్యిగా రాదు. కొంత మజ్జిగలో పోతుంది, కొంత గోకుడులో, గిన్నెకు అంటుకుని పోతుంది. జాగ్రత్తగా చేసినా ఏడున్నర కిలోల నెయ్యి వచ్చిందనుకుందాం. 6,920ని ఏడున్నరతో భాగిస్తే కిలోకు సుమారు 923 రూపాయలు. గ్యాసు లేక కట్టెలు, సీసా, చీటీ కలిపి మరొక 80 రూపాయలు వేయండి. అనగా కిలో నెయ్యి వెయ్యి రూపాయలకు అమ్మితే ఆమె కష్టానికి మిగిలేది మజ్జిగ మాత్రమే! 1,100కు అమ్మితే నెలకు 730 రూపాయలు, 1,300కు అమ్మగలిగితే 2,230 రూపాయలు మిగులుతాయి. పార్సెల్ ఖర్చు వేరు. అది కొనేవారిదా, అమ్మేవారిదా అన్నది ధర చెప్పినప్పుడే చెప్పాలి. డబ్బాతో, అట్టపెట్టెతో కలిసిన బరువుకు చార్జీ వేస్తారని కూడా మరువరాదు.

పై అంకెలు వరస చూపడానికి వేసినవి. మీ పాస్ పుస్తకంలోని వెన్న శాతం, మీ సంఘం ఇచ్చే ధర వేసి మీ లెక్క మీరు కట్టుకోవాలి. ఫోనులో ఎవరో 900కు అమ్ముతున్నారని మనమూ 900 అంటే, ఎంత వ్యాపారం పెరిగితే అంత నష్టం పెరుగుతుంది. సంఘం ఏడాది చివర ఇచ్చే బోనసు పోసిన పాలను బట్టి వస్తుంది కనుక ఉంచుకున్న పాలకు అది కూడా తగ్గుతుంది. కొన్ని సంఘాల నియమావళిలో సభ్యులు ఇంటి వాడకం పోను మిగిలిన పాలన్నీ సంఘానికే పోయవలెనని ఉంటుంది. అటువంటిచోట కార్యదర్శితోను, పాలకవర్గంతోను ముందుగా మాట్లాడుకోవడం మంచిది. చాటున చేసే వ్యాపారాన్ని ఇంటర్నెట్‌లో పెట్టడం ఎటూ కుదరని పని.

మరొక సంగతి చాలామందికి తెలియదు. ఆహార భద్రతా సంస్థ 2011లో చేసిన నియమాల ప్రకారం, సహకార సంఘంలో సభ్యుడై తన పాలన్నీ సంఘానికే పోసే రైతు వేరుగా రిజిస్ట్రేషన్ చేయించుకోనక్కరలేదు. ఈ మినహాయింపు పాలన్నీ సంఘానికి పోసేవారికే. నెయ్యి కాచి బయటి వారికి అమ్మడం మొదలుపెట్టిన సభ్యుడికి అది వర్తించదు. ఆయన ఆహార తయారీదారు అవుతాడు. చిన్న తయారీదారుకు రిజిస్ట్రేషన్ చాలు, ఆ నియమాలలో దానికి పెట్టిన రుసుము ఏడాదికి 100 రూపాయలు. దరఖాస్తు 2020 నుండి ఫాస్కాస్ అనే ఇంటర్నెట్ పద్ధతిలో పెట్టుకుంటున్నారు. మీసేవ వంటి కేంద్రంలోనో, చదువుకున్న పిల్లల చేతనో పెట్టించవచ్చు. వచ్చిన 14 అంకెల నంబరును సీసా చీటీ మీద వేయాలి. దానితోబాటు తయారుచేసినవారి పేరు, చిరునామా, నికర బరువు, ధర, కాచిన తేదీ, ఎన్నాళ్ళలో వాడాలో, శాకాహారపు ఆకుపచ్చ గుర్తు ఉండాలి. పట్నంలో కొనేవారు ఇప్పుడు డబ్బా తిప్పి ఈ నంబరు చూస్తున్నారు. మోకాళ్ళ నొప్పులు పోతాయి, షుగరు తగ్గుతుంది అని చీటీ మీద గాని ఫోనులో గాని వ్రాయవద్దు. 2018 నాటి ప్రకటనల నియమాలు ఇటువంటి మాటలను ఒప్పుకోవు. మన నెయ్యికి వాటి అవసరమూ లేదు.

ఇక ఫోను పని. మొట్టమొదట చేయవలసినది గూగుల్ మ్యాపులో మీ ఇంటి వ్యాపారాన్ని నమోదు చేయడం. దీనికి రుసుము లేదు. పేరు, ఏమి అమ్ముతారు, చిరునామా, ఫోను నంబరు, వేళలు, ఫోటోలు అడుగుతుంది. తరువాత అది నిజంగా అక్కడ ఉన్నదేనా అని విచారిస్తుంది. చాలాసార్లు వీధిని, గుమ్మాన్ని, బోర్డును చూపుతూ వీడియో తీసి పంపమంటుంది. అందువల్ల ముందుగా ఇంటిముందు ఒక చిన్న రేకు బోర్డు వ్రాయించి కట్టండి. పల్లెలలో ఇంటి నంబరును బట్టి మ్యాపు సరిగ్గా చూపదు. మీ గుమ్మంలో నిలబడి గుర్తు పెట్టాలి, లేకపోతే నెయ్యికి వచ్చినవారు చెరువుగట్టుకు పోతారు. ఊరి పేరు తెలుగులోనూ, ఇంగ్లీషు అక్షరాలలోనూ ఇవ్వండి.

వేళలు వ్రాసేటప్పుడు పాలు పితికే వేళ వదిలివేయండి. ఉదయం 5 నుండి 8 వరకు గేదె క్రింద కూర్చున్నవారు ఫోను ఎత్తలేరు. ఎత్తని ఫోనుకు రెండోసారి చేసేవారు తక్కువ. 10 నుండి 4 వరకు అని వ్రాసి ఆ వేళలో తప్పక ఎత్తడం మేలు.

ఫోటోల విషయంలో ఒక మాట. ఇంటర్నెట్‌లో దొరికే మెరుగుల బొమ్మలు తెచ్చి పెడుతున్నారు. అవి ఎవరివో చూసేవారికి తెలిసిపోతుంది. మీ గేదె, మీ కవ్వం, మీ గిన్నెలో పూస కట్టిన నెయ్యి, పగటి వెలుగులో తీసినవి నాలుగు చాలు. గిన్నె తోమి ఉండాలి. వెనుక పేడకుప్ప కనబడకూడదు.

రెండవది వాట్సాప్ బిజినెస్. మామూలు వాట్సాపు వంటిదే, కాని వ్యాపారానికి వేరుగా చేసినది, ఇదీ ఉచితమే. ఒకే నంబరును రెండింటిలోనూ ఒకేసారి నడపడానికి వీలులేదు. ఫోనులో రెండు సిమ్‌లుంటే ఒకటి బంధువులకు, ఒకటి వ్యాపారానికి పెట్టుకోవచ్చు. ఇందులో సరుకుల పట్టీ పెట్టవచ్చు: అరకిలో, కిలో, ధర, ఫోటో. మాటిమాటికీ వచ్చే ప్రశ్నలకు జవాబులు ముందే వ్రాసి ఉంచుకోవచ్చు. ఎవరు డబ్బు కట్టారో, ఎవరికి పంపాలో గుర్తులు వేసుకోవచ్చు. ఇన్ని ఉన్నా ఒక నోటుపుస్తకం తప్పనిసరి. ఫోను నీళ్ళతొట్టిలో పడిన రోజున పుస్తకమే దిక్కు.

రోజూ అందరికీ సుప్రభాతాలు, పూలబొమ్మలు పంపేవారి నంబరును జనం మూసివేస్తారు. నెలకొకసారి, నెయ్యి కాచిన రోజున, "ఈ నెల ఏడు కిలోలున్నది" అని ఒక్క మాట పంపితే దానికి విలువ ఉంటుంది.

ఆ ఏడు కిలోల మాటే ఈ వ్యాపారానికి ప్రాణం. దసరాకో సంక్రాంతికో మీ అబ్బాయి నెయ్యి కాచే వీడియో ఒకటి పెడతాడు. అది నలుగురి చేతులు మారి ఒక్క వారంలో 60 కిలోలకు అడుగుతారు. ఇంట్లో ఉన్నది ఏడున్నర. అప్పుడు ప్రక్క ఊరి వెన్న తెచ్చి కాచి పంపుదామా అనిపిస్తుంది. ఆ వెన్న ఎన్నాళ్ళ నాటిదో, అందులో ఏమి కలిసిందో మనకు తెలియదు. సీసా మీద మాత్రం మన పేరు, మన రిజిస్ట్రేషన్ నంబరు ఉంటాయి. తేడా వస్తే కొన్నవారు మ్యాపులో ఒక చుక్క ఇచ్చి నాలుగు మాటలు వ్రాస్తారు. దానిని మనం తుడిపివేయలేము. సంతలో చెడిన పేరు ఆ సంతకే పరిమితం, ఇక్కడ వ్రాసినది హైదరాబాదులో వారూ చదువుతారు. "ఈ నెల నెయ్యి అయిపోయినది, వచ్చే నెల మీకే ముందు" అని చెప్పి పేరు వ్రాసుకుంటే, ఎదురుచూసేవారు ఎదురుచూస్తారు. 1,300 ధర నిలబడేది కూడా అటువంటివారి వల్లనే.

ఎక్కువ గిరాకీ నిజంగా నిలకడగా ఉంటే, ఒకే సంఘంలోని నలుగురైదుగురు సభ్యురాండ్రు కలిసి చేయవచ్చు. వెన్న పరీక్షించే సాధనం సంఘంలో ఉన్నది కనుక ఎవరి పాలు ఎంతో తేల్చుకోవడం కష్టం కాదు. కాచడం మాత్రం ఒకచోట, ఒకరి చేతి మీద జరగాలి. లేనిచో ఈ నెల డబ్బాకు, వచ్చే నెల డబ్బాకు వాసన మారుతుంది.

పంపడానికి తపాలా స్పీడ్‌పోస్టు, ప్రైవేటు కొరియర్లు, రాష్ట్రంలోపల అయితే ఆర్టీసీ కార్గో ఉన్నాయి. వేసవిలో నెయ్యి నూనెలా కరుగుతుంది. మూత లోపల సీలు బిళ్ళ వేసి, డబ్బాను మందపాటి సంచిలో బిగించి, అట్టపెట్టెలో పొట్టు లేదా కాగితం కూరాలి. మొదటిసారి పార్సెల్‌ను బంధువులకు పంపి, ఎలా చేరిందో ఫోటో తెప్పించుకుని చూడండి. అమెరికాలోని పిల్లలకు పంపమని కూడా అడుగుతారు. పాల సరుకుల మీద పరదేశాల ఆంక్షలు వేరు వేరుగా ఉంటాయి. తెలియకుండా డబ్బు తీసుకోవద్దు.

డబ్బు విషయంలో మోసాలు జరుగుతున్నాయి. సైనికుడినని చెప్పి పది కిలోలు కావాలంటాడు, బేరమాడడు, "డబ్బు పంపుతున్నాను, ఈ క్యూఆర్ గుర్తును స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి" అంటాడు. యూపీఐలో డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు. పిన్ కొట్టినారంటే మీ ఖాతా నుండి డబ్బు పోయినట్లే. డబ్బు కట్టినట్లు ఎవరైనా బొమ్మ పంపినా, మీ బ్యాంకు ఖాతాలో పడినది చూసిన తరువాతే పార్సెల్ కట్టండి. మోసపోతే సిగ్గుపడి ఊరుకోక వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి, ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది. "మీ నెయ్యి పేరు గూగుల్‌లో పైకి తెస్తాం, అయిదు వేలు కట్టండి" అని ఫోను చేసేవారికి కూడా ఏమీ కట్టనక్కరలేదు.

చివరిగా సంఘాల కార్యదర్శులకొక విన్నపం. మన సంఘాలలో స్థానికంగా పాలు అమ్మేవి చాలా ఉన్నాయి. ఊరికి కొత్తగా వచ్చిన టీచరుగారు, బ్యాంకు ఉద్యోగి పాలకోసం మొదట వెతికేది ఫోనులోనే. అక్కడ మీ సంఘం పేరు, ఉదయం సాయంత్రం అమ్మకపు వేళలు, లీటరు ధర, ఎత్తే ఫోను నంబరు ఉన్నవో లేవో ఈ వారంలో ఒకసారి చూడండి. కొన్ని సంఘాల పేరిట ఎవరో ఎప్పుడో పెట్టిన పాత కార్యదర్శి నంబరే ఉండవచ్చు. అట్లా ఉంటే ఆ గుర్తు మీద "ఇది నా వ్యాపారం" అనే చోట నొక్కి, సంఘం బోర్డు చూపి, మీ చేతికి తెచ్చుకుని నంబరు మార్చవచ్చు.